పాత పికప్‌కు కొత్త ఇరుసు: ముందు తూకం, ఆ తర్వాతే బేరం

పాత పికప్ ట్రక్కును కొని, విప్పి, బాగుచేసి మళ్లీ రోడ్డెక్కించడం అమెరికాలో ఎంతోమందికి ఇష్టమైన వ్యాపకం. అందులో 1967 నుంచి 1972 వరకు తయారైన షెవర్లే సీ10కు ఉన్న గిరాకీ అంతా ఇంతా కాదు. ఇంజన్, రంగు సంగతి తేలాక అసలు చర్చ బండి వెనక భాగం మీదికి వస్తుంది. పాత ఇరుసునే ఉంచాలా, మార్చాలా? లీఫ్ స్ప్రింగ్‌లా, కాయిల్ స్ప్రింగ్‌లా, గాలి బెలూన్లా? నిర్ణయం చాలాసార్లు రెండు విషయాలపై ఆధారపడుతుంది: బండి ఎంత కిందికి వంగి అందంగా కనిపిస్తుంది, ఇంజన్ ఎన్ని హార్స్‌పవర్ ఇస్తుంది. మొదట అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఈ బండి వెనక ఎన్ని కిలోలు మోయబోతోంది?

కారుకూ పికప్‌కూ ఉన్న ముఖ్యమైన తేడా ఇదే. కారులో నలుగురు ఎక్కినా మొత్తం బరువు మరీ మారిపోదు. పికప్ ఖాళీగా ఉన్నప్పుడు వెనక ఇరుసు మీద ఉండే భారం, సరుకు నింపాక రెట్టింపు దాటిపోవచ్చు. స్ప్రింగ్ మీద ఉన్న బండి సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందనేది స్ప్రింగ్ గట్టిదనాన్ని బరువుతో భాగించి, వర్గమూలం తీస్తే వచ్చే విలువకు అనుపాతంలో ఉంటుంది. బరువు మారితే ఊపు మారి తీరుతుంది.

ఒక లెక్క చూద్దాం. ఖాళీ బండిలో వెనక స్ప్రింగ్‌ల మీద 400 కిలోలు ఉన్నాయనుకుందాం. 500 కిలోల సరుకు ఎక్కిస్తే అది 900 అవుతుంది. నిండుగా ఉన్నప్పుడు 1.2 హెర్ట్జ్ ఊపు వచ్చేలా స్ప్రింగ్ ఎంచుకుంటే, ఖాళీ బండి 1.8 హెర్ట్జ్‌తో కాస్త ఎగిరెగిరి పడుతుంది. సరుకు ఎక్కించినప్పుడు వెనక భాగం సుమారు 9.6 సెంటీమీటర్లు దిగుతుంది. అలా కాకుండా ఖాళీ బండే కారులా మెత్తగా ఉండాలని, 1.2 హెర్ట్జ్ వచ్చే స్ప్రింగ్ వేస్తే? అదే 500 కిలోలకు బండి 21 సెంటీమీటర్లకు పైగా కుంగుతుంది. ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య అంత ఖాళీ మామూలుగా ఉండదు. కిందికి దించిన బండిలో అసలే ఉండదు. ఇరుసు రబ్బరు అడ్డకు కొట్టుకుంటుంది, హెడ్‌లైట్లు ఎదుటివారి కళ్లలో పడతాయి, గతుకు వచ్చిన ప్రతిసారీ దెబ్బ నేరుగా ఛాసిస్‌కు తగులుతుంది.

లీఫ్ పాతది, కాయిల్ కొత్తదా?

లీఫ్ స్ప్రింగ్‌లను, అంటే మన మెకానిక్‌లు కమాన్ పట్టీలు అనేవాటిని, వెనకబడిన పద్ధతిగా చూడటం ఒక అపోహ. షెవర్లే 1960లోనే సీ10 వెనక భాగానికి కాయిల్ స్ప్రింగ్‌లు, పొడవాటి ట్రెయిలింగ్ ఆర్మ్‌లు ఇచ్చింది. 1973లో వచ్చిన కొత్త తరంలో మళ్లీ లీఫ్‌లకు మారింది. ఫోర్డ్ ఎఫ్-100 వెనక భాగం ఎప్పుడూ లీఫ్‌లను వదల్లేదు. మరోవైపు సీ10 ట్రెయిలింగ్ ఆర్మ్‌ల తరహా అమరికనే అమెరికా నాస్కార్ కప్ రేసు కార్లు 2021 దాకా వాడాయి. తయారీ సంవత్సరాన్ని బట్టి సస్పెన్షన్ మంచిచెడులు తేల్చలేమని ఈ చరిత్రే చెబుతోంది.

లీఫ్ ఒక్కటే మూడు పనులు చేస్తుంది: బరువు మోస్తుంది, ఇరుసును దాని చోట పట్టి ఉంచుతుంది, పట్టీల మధ్య రాపిడితో కొంత ఊపును అణచివేస్తుంది. అదనపు పట్టీలు పెడితే బరువు పెరిగేకొద్దీ గట్టిపడుతుంది కూడా. బలహీనతలూ ఉన్నాయి. ఆ రాపిడి వల్లే చిన్న గతుకులకు సరిగా స్పందించదు. శక్తిమంతమైన ఇంజన్ ఒక్కసారిగా లాగితే పట్టీలు ఎస్ ఆకారంలో మెలితిరిగి చక్రాలు ఎగురుతాయి.

కాయిల్ బరువు మాత్రమే మోస్తుంది. ఇరుసును ముందువెనకలకు, పక్కలకు జరగనివ్వకుండా ఆపడానికి వేరే కడ్డీలు కావాలి. పక్కలకు ఆపే పాన్‌హార్డ్ కడ్డీ ఒక చివర ఛాసిస్‌కు బిగించి ఉంటుంది కాబట్టి, ఇరుసు పైకి లేచినప్పుడు వృత్తచాపంలో కదిలి దాన్ని పక్కకు లాగుతుంది. 80 సెంటీమీటర్ల కడ్డీ అడ్డంగా ఉన్న స్థితి నుంచి 8 సెంటీమీటర్లు లేస్తే, పక్కకు జరిగేది 4 మిల్లీమీటర్లు. కడ్డీ పొడవు సగమైతే అది రెట్టింపవుతుంది. సీ10 యజమానులు పొట్టిగా ఉన్న అసలు కడ్డీని తీసి పొడవుది వేయడానికి కారణం ఇదే.

గాలి స్ప్రింగ్‌కు ఒక సుగుణం ఉంది. బరువుతో పాటు గాలి పీడనం పెంచితే గట్టిదనమూ పెరుగుతుంది, ఊపు దాదాపు మారదు. బదులుగా కంప్రెసర్, పైపులు, లీకుల బాధ్యత నెత్తిన పడుతుంది.

ఇరుసు విషయంలోనూ అంతే

1957లో వచ్చిన ఫోర్డ్ తొమ్మిది అంగుళాల ఇరుసుకు గట్టిదన్న పేరు ఉంది. ఆ పేరు చూసి కొనేవారు పళ్ల నిష్పత్తిని మరచిపోతుంటారు. 71 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న టైరుతో గంటకు 100 కిలోమీటర్ల వేగంలో వెళ్తున్నప్పుడు, టాప్ గేరు డైరెక్ట్ అయితే 3.08 నిష్పత్తికి ఇంజన్ నిమిషానికి 2,300 చుట్లు తిరుగుతుంది, 4.11కు 3,070. అదే 4.11కు 0.70 ఓవర్‌డ్రైవ్ ఉన్న గేర్‌బాక్స్ తోడైతే 2,150 చాలు. గేర్‌బాక్స్, టైరు తేలకుండా ఇరుసు కొనడం కాలు కొలవకుండా చెప్పులు కొన్నట్టే. ముందు చక్రాల బోల్టుల అమరికతో కూడా అది సరిపోవాలి. 1970 దాకా సీ10కు చక్రానికి ఆరు బోల్టులు, 1971 నుంచి ఐదు.

ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం మరో మెలిక. యూనివర్సల్ జాయింట్ వంగి తిరిగితే ప్రతి చుట్టుకూ రెండుసార్లు వేగం హెచ్చుతగ్గులవుతుంది. రెండు చివర్లా కోణాలు సమానంగా ఉంటేనే ఆ హెచ్చుతగ్గులు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ఇరుసును దించినవారు ఆ కోణాన్ని మళ్లీ కొలవకపోతే, అదురు ఎక్కడిదో తెలియక టైర్లు మారుస్తూ పోతారు.

"ఈ రోజుల్లో ఆ బండిలో బరువులు ఎవరు మోస్తారు? ఆదివారం షికారుకేగా" అన్న వాదనలో న్యాయం ఉంది. షికారుకే అయితే మెత్తటి స్ప్రింగ్ తప్పేం కాదు. అయితే బండి చేతులు మారుతుంది. వెనక ఖాళీ తొట్టి చూసిన కొత్త యజమాని అది బరువు మోస్తుందనే నమ్ముతాడు. ఆ తొట్టి ఆకారమే ఒక హామీ. దాన్ని నిలబెట్టలేని మార్పు చేసినవారు, ఎంత మోయవచ్చో స్పష్టంగా రాసి బండిలో అంటించాలి.

ఈ మాట మన రోడ్లకూ వర్తిస్తుంది. టమాటాలు, సిమెంటు మోసే మన పికప్‌ల వెనకా అవే కమాన్ పట్టీలు, అదే భౌతికశాస్త్రం. అదనంగా పట్టీ వేయిస్తే బండి కుంగడం తగ్గుతుంది. బ్రేకులు, టైర్లు, బేరింగుల సామర్థ్యం మాత్రం అంతే ఉంటుంది. పైగా రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నిషేధిస్తోంది.

ఇంతకీ కావలసిన పరికరాలు ఖరీదైనవేమీ కాదు. వెనక ఇరుసును ఖాళీగా ఒకసారి, నింపి ఒకసారి తూచే వేబ్రిడ్జి, ఒక టేపు. తొట్టిలో ఇరుసుకు సరిగ్గా పైన 100 కిలోలు పెట్టి ఎంత దిగిందో కొలిస్తే స్ప్రింగ్ గట్టిదనం తెలిసిపోతుంది. పై లెక్కలోని గట్టి స్ప్రింగ్ సుమారు 2 సెంటీమీటర్లు దిగుతుంది, మెత్తనిది 4కు పైగా. ఈ రెండు అంకెలూ కాగితం మీద పెట్టాకే దుకాణానికి వెళ్లాలి.