అశ్వహృదయం

న్యూయార్కు రాష్ట్రంలోని గోషెన్ అనే ఊరిలో 1838 నాటి గుఱ్ఱపుపందేల బాట ఒకటి ఉన్నది. అక్కడ గుఱ్ఱంపై రౌతుండడు. వెనుక సల్కీ అనే రెండు చక్రాల తేలికబండిలో సారథి ఉంటాడు. గుఱ్ఱం దౌడు తీయరాదు. తీసినచో పగ్గం బిగించి మరల ట్రాట్ నడకకు తేవలసినదే.

వృత్తిసారథులు కాని ఔత్సాహికులకూ ఇందులో పందేలున్నాయి. వారు సైతం ఈ విద్యను గురుముఖతః నేర్వాలని నా అభిప్రాయం. తొలి అభ్యాసంలో పందెపు దిశకు ఎదురుదిశలో గుఱ్ఱాన్ని నింపాదిగా తిప్పిస్తారు. బియ్యంలో అక్షరాలు దిద్దించినట్లే! ఆ విసుగును తప్పించుకొని పందెంలో దిగేవాడు తోటి సారథుల ప్రాణాలకే ముప్పు. ఋతుపర్ణుడంతటి రాజు బాహుకుని వద్ద అశ్వహృదయం గ్రహించలేదా?

నాకూ నేర్వాలని ఉన్నదంటే అమెరికాలోని మా అబ్బాయి, "మీ మోకాళ్ళ సంగతేమిటి నాన్నగారూ?" అన్నాడు. కూర్చుండి తోలేదానికి మోకాళ్ళతో పనేమిటి!