న్యాయానికి బోనసా?

“స్త్రీలకు పై పదవులు ఇచ్చినందుకు బ్యాంకు అధిపతులకు బోనసా? న్యాయానికి వెల కడతారా?” అని ఒక పెద్దమనిషి నన్ను నిలదీశాడు. వినడానికి ధర్మంగానే ఉంది. కాని డిపాజిట్లకూ, లాభాలకూ వెల కట్టిన నాడు యీ ధర్మం ఎక్కడ నిద్రపోయింది?

2016లో బ్రిటిష్ ఖజానా శాఖ ఒక ఒడంబడిక తెచ్చింది. అందులో చేరిన ద్రవ్యసంస్థలు ఉన్నత పదవుల్లో స్త్రీల సంఖ్యకు లక్ష్యం పెట్టుకుని, దాన్ని పైఅధికారుల జీతంతో ముడిపెట్టడానికి పూనుకోవాలి. మన 2013 కంపెనీల చట్టమో, పెద్ద కంపెనీల బోర్డులో ఒక్క స్త్రీ ఉంటే చాలన్నది.

మా కె.గంగవరం డ్వాక్రా సంఘాలను చూడండి. పొదుపు కట్టేదీ, వాయిదా తీర్చేదీ స్త్రీలే. అప్పుకు నమ్మదగిన మనిషి పెత్తనానికి పనికిరాదా?

ముడిపెట్టడం అసాధ్యమూ కాదు. ప్రైవేటు బ్యాంకుల ముఖ్యాధికారుల రాబడిలో కనీసం సగం పనితీరును బట్టి మారాలనీ, అవసరమైతే ఇచ్చింది వెనక్కు తీసుకునే వీలుండాలనీ రిజర్వు బ్యాంకు 2019లోనే నిర్దేశించింది.

నా అభ్యంతరం మరొకటి. లక్ష్యం నెరవేరితే బహుమానం కాదు, నెరవేరకపోతే కోత పడాలి. లెక్కించవలసింది బోర్డులో కుర్చీని కాదు. శాఖ మేనేజరు మొదలు ప్రతి మెట్టునూ. ప్రమోషను వెంట వచ్చే దూరపు బదిలీకి జంకి, పసిబిడ్డను విడవలేక ఆగిపోయే ఉద్యోగినిని “తానే వద్దన్నది” అని రాసుకునే లెక్క దొంగలెక్క. ఆ లెక్కకు ఎవరి జీతం ముడిపెట్టినా ఒరిగేది లేదు. ముందు ఆ లెక్క సరిచేయండి; తర్వాత జీతం కోయండి.