జామ తోటల్లో పండు ఈగ: నివారణకు అసలు అదను మామిడి కాలమే

ప్రత్యేక వ్యాసం

వర్షాకాలంలో జామపండును కోసినప్పుడు లోపల తెల్లని పురుగులు కనిపించడం వినియోగదారులకు కొత్త కాదు. ఆ ఒక్క అనుభవంతో కొనుగోలుదారు ఆ సీజను మొత్తం జామ జోలికి పోకపోవడం, దాని ఫలితంగా ధర పడిపోవడం, కోత కూలి సైతం దక్కదని భావించిన చిన్న రైతు కాయను చెట్టు కిందనే వదిలివేయడం ఏటా జరుగుతున్నదే. ఫిర్యాదులు వచ్చిన తరువాత, అంటే జులై, ఆగస్టు మాసాలలో, ఎర బుట్టల పంపిణీ, అవగాహన సదస్సులు మొదలుకావడం కూడా పరిపాటిగా మారింది. అయితే ఈ కీటకపు జీవిత చక్రాన్ని, తెలుగు రాష్ట్రాల పండ్ల కాలక్రమాన్ని పక్కపక్కన ఉంచి పరిశీలించినట్లయితే, ఆ సమయానికే అదను దాటిపోయిందన్న విషయం స్పష్టమవుతుంది.

జామను ఆశించే పండు ఈగలలో బాక్ట్రోసెరా డోర్సాలిస్, బాక్ట్రోసెరా కరెక్టా, బాక్ట్రోసెరా జోనాటా ముఖ్యమైనవి. పక్వానికి వస్తున్న కాయ తొక్కను తల్లి ఈగ సూదివంటి అవయవంతో గుచ్చి లోపల గుడ్లు పెడుతుంది. రెండు మూడు రోజులలో పొదిగిన పిల్ల పురుగులు సుమారు వారం నుంచి పది రోజులు గుజ్జును తిని, రాలిన కాయ నుంచి నేలలోకి దిగి కోశస్థ దశకు చేరుతాయి. గుడ్డు, పురుగు కాయలోను, కోశం మట్టిలోను ఉండగా మందు పిచికారీకి నేరుగా అందేది రెక్కల ఈగ ఒక్కటే. కోతకు ముందు ఎన్నిసార్లు పిచికారీ చేసినా పురుగు తగ్గలేదని రైతులు వాపోవడానికి కారణం ఇదే. జామను తొక్కతో సహా తింటారు గనుక, ఆ దశలో మందు కొట్టడం వినియోగదారుని ఆరోగ్యం దృష్ట్యా కూడా వాంఛనీయం కాదు.

ఇక ఋతువుల విషయానికి వస్తే, ఈ ఈగకు మామిడి, జామ రెండూ ఇష్టమైన ఆహారమే. నూజివీడు ప్రాంతంలో వేసవి ఆరంభం నుంచి, చిత్తూరు ప్రాంతపు తోతాపురి తోటలలో జూన్, జులై వరకు మామిడి కోతలు సాగుతాయి. చెట్ల కింద కుళ్లుతున్న మామిడిలో ఈగ సంతతి తరాలు తరాలుగా పెరుగుతుంది. తొలకరికి నేల మెత్తబడి కోశాల నుంచి ఈగలు వెలువడే వేళకు మామిడి ముగిసి, వర్షాకాలపు జామ పక్వానికి వస్తుంది. జామ రైతు ఎదుర్కొంటున్నది చాలావరకు మామిడి తోటలో పుట్టిన ఈగనే. యూరోపియన్ యూనియన్ 2014 మే 1 నుంచి భారత మామిడి దిగుమతిని నిలిపివేయడానికి సైతం పండు ఈగలే ప్రధాన కారణం కాగా, 2015లో ఆ నిషేధం తొలగింది. ఆ ఉదంతం ఎగుమతిదారులకు గుర్తుండిపోయింది గాని, పక్కనే ఉన్న జామ తోటతో దానికి గల సంబంధం అంతగా చర్చకు రాలేదు.

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు వచ్చే కాపులో ఈగ బెడద గణనీయంగా తక్కువ. రుచి, నాణ్యత ఎక్కువ. అందువలన వేసవిలో నీటిని నిలిపివేసి, జూన్‌లో నీరు, ఎరువులు అందించి, శీతాకాలపు కాపునే తీసుకోవాలన్న మృగ్ బహార్ పద్ధతిని ఉద్యాన శాస్త్రజ్ఞులు చిరకాలంగా సూచిస్తున్నారు. కానీ ఇటీవలి సంవత్సరాలలో విస్తరించిన తైవాన్ జామ ఏడాది పొడవునా కాస్తుంది. ఈగకు ఆహారం లేని విరామమే లేకుండా పోతున్నది. ఈ తోటలలో నిమ్మకాయంత పిందెలకు కవర్లు తొడగడం నమ్మకమైన రక్షణ అయినప్పటికీ, ఆ ఖర్చు పెద్ద రైతుకు సాధ్యమైనంతగా కౌలు రైతుకు సాధ్యం కాదు.

మిథైల్ యూజినాల్ ఎర విషయంలో ఒక అపోహను తొలగించవలసి ఉంది. మగ ఈగలు ఈ పదార్థానికి ఆకర్షితమవుతాయని బీహార్‌లోని పూసాలో హౌలెట్ అనే శాస్త్రవేత్త 1910 దశకంలోనే గుర్తించారు. తులసిలోనూ ఇది ఉంటుంది. నలిపిన తులసి ఆకులను కొబ్బరి చిప్పలో ఉంచి ఈగలను రప్పించే అలవాటు వెనుక ఉన్నది ఈ గుణమే. ఈ ఎరకు వచ్చేది మగ ఈగలు మాత్రమే. ఒక్క రైతు ఒక్క ఎకరంలో బుట్టలు వేలాడదీస్తే బుట్ట నిండవచ్చు, కాయ మాత్రం దక్కదు. పొరుగు తోటలో జతకట్టిన ఆడ ఈగ వచ్చి గుడ్లు పెట్టకుండా ఆపేది ఏదీ లేదు. జపాన్‌లోని ఒకినావా తదితర నైరుతి దీవులలో 1986 నాటికి బాక్ట్రోసెరా డోర్సాలిస్‌ను నిర్మూలించగలగడానికి కారణం, ఎరలను తోటకొకచోట కాక ప్రాంతమంతటా ఒకేసారి అమర్చడమే. మన ప్రాంతంలో పూర్తి నిర్మూలన సాధ్యం కాకపోవచ్చును గాని, గ్రామం యూనిట్‌గా ఎరలు పెట్టడం మాత్రం అసాధ్యం కాదు.

దీనిని బట్టి పంపిణీ ప్రణాళికలలో రెండు మార్పులు అవసరమవుతాయి. ఎరలు మార్చి నాటికే గ్రామాలకు చేరి, మామిడి, జామ తోటలు రెండింటిలోనూ ఒకే వారంలో అమరాలి. రాలిన కాయలను వారానికి రెండుసార్లు ఏరి రెండడుగుల లోతున పూడ్చే పని మామిడి తోట నుంచే ప్రారంభం కావాలి. తోటను కోత వరకే లీజుకు తీసుకున్న వ్యాపారికి రాలిన కాయపై ఆసక్తి ఉండదు గనుక, ఈ బాధ్యత ఎవరిదన్నది గ్రామస్థాయిలో ముందుగా తేల్చుకోవలసి ఉంటుంది. ఇంతవరకు సూచనలన్నీ రైతును ఉద్దేశించినవే కావడం, లీజుదారు ప్రస్తావన లేకపోవడం ఒక లోపమే.

కాగా, పాత కరపత్రాలను తిరిగి ముద్రించే ముందు అధికారులు గమనించవలసిన అంశం మరొకటి ఉంది. ఎర మిశ్రమాలలో ఒకప్పుడు వాడుకలో ఉన్న డైక్లోర్వాస్ మందు 2020 డిసెంబరు 31 నుంచి దేశంలో నిషిద్ధమైంది.