గుండ్రంగా తిరిగే రైలు నాకొద్దు

చిన్నప్పుడు కోటప్పకొండ తిరనాళ్ళలో మా నాన్న నాకో రైలు కొనిచ్చాడు. కీ ఇస్తే నడిచే రకం. ప్లాస్టిక్ పట్టాలు ముక్కలు ముక్కలుగా ఉండేవి, అన్నీ కలిపితే అన్నం తినే పళ్ళేనికి కాస్త పెద్దగా ఒక చక్రం తయారయ్యేది. ఆ రాత్రి ప్రభల లైట్లు చూడకుండా రైలు పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నానని అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. సరే, ఇంటికొచ్చి కీ ఇచ్చాను. తిరిగింది. మళ్ళీ ఇచ్చాను. మళ్ళీ తిరిగింది. మూడో రోజుకి అది మంచం కిందకి పోయింది. రైలు పాడవలేదు, నాకు చేయడానికి పనేం లేదు, అంతే.

ఈ చిన్న విషయం అర్థం కావడానికి నాకు ఇంకో పదిహేనేళ్ళు, ఒక ఇంజనీరింగు డిగ్రీ, హాల్లో సగం కావలసి వచ్చాయి.

ఉద్యోగంలో చేరి నాలుగు రాళ్ళు వెనకేసుకున్నాక మోడల్ రైళ్ళ పిచ్చి మళ్ళీ పట్టింది. హైదరాబాదులో రెండు బెడ్రూముల అద్దె ఫ్లాటు. ఆరడుగుల ప్లైవుడ్ షీటు తెచ్చి హాల్లో వేసి, దాని మీద కోడిగుడ్డు ఆకారంలో పట్టాలు పరిచాను. బాల్కనీ తలుపు సగమే తెరుచుకునేది. బట్టలారేయాలంటే అమ్మ ప్లైవుడ్ కింద నుంచి దూరి వెళ్ళాలి. ఇంత చేసి బండి ఏం చేసేది? తిరిగేది. తిరనాళ్ళ రైలుకి కీ ఉండేది, దీనికి కంట్రోలరు ఉంది, అదే తేడా. రెండు నెలల్లో దాని మీద ఇస్త్రీ బట్టలు పేరుకున్నాయి.

నేను చెప్పదలుచుకున్నది ఇదీ. మనలో చాలామంది "చోటు లేదండీ, సొంతిల్లు కట్టుకున్నాక చూద్దాం" అని ఈ సరదాని వాయిదా వేస్తుంటారు. చోటు లేకపోవడం అసలు సమస్యే కాదు. రైలు అంటే పరిగెత్తాలి అనుకోవడమే సమస్య. రైలుకి పరుగు కాకుండా పని ఇవ్వండి, నాలుగడుగుల అలమారా అర చాలు. పని అంటే షంటింగు. వ్యాగన్లని ఒక లైను నుంచి ఇంకో లైనుకి మార్చి, అడిగిన వరసలో బండి కట్టి ఇవ్వడం.

ఇది నేను కనిపెట్టిందేం కాదు. ఇంగ్లండులో ఆలన్ రైట్ అనే ఆయన ఎప్పుడో చేసిన "ఇంగిల్‌నుక్" అనే లేఅవుట్ ఉంది. మొత్తం రెండే రెండు పాయింట్లు. మూడు సైడింగులు: ఒకదాంట్లో ఐదు వ్యాగన్లు పడతాయి, మిగతా రెండింట్లో మూడేసి. ఇవతలి పక్క ఇంజను అటూ ఇటూ కదలడానికి ఒక ముక్క, దాంట్లో ఇంజను, మూడు వ్యాగన్లు మాత్రమే పట్టాలి. మన రైల్వే వాళ్ళు దాన్ని షంటింగ్ నెక్ అంటారు. ఎనిమిది వ్యాగన్లు ఉంటాయి. ఎనిమిది చీటీలు కలిపి ఐదు తీయాలి, తీసిన వరసలోనే ఐదు వ్యాగన్ల బండి కట్టాలి. ఎన్ని రకాల బండ్లు అడగొచ్చంటారు? 8×7×6×5×4, అంటే 6720. రోజుకొకటి కట్టినా పద్దెనిమిదేళ్ళు పడుతుంది. రెండు పాయింట్లతో!

మన వాళ్ళకి ఇది ఇంకో రకంగా కూడా నచ్చాలి. దారి మూసుకుపోయిన సైడింగు అంటే ఏమిటి? స్టాక్. చివర లోపలికి వెళ్ళింది ముందు బయటికి వస్తుంది. డొనాల్డ్ కనూత్ తన ది ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్ మొదటి సంపుటంలో (1968) స్టాక్‌ని వివరించడానికి వేసిన బొమ్మ రైలు సైడింగుదే. 1, 2, 3 వ్యాగన్లని వరసగా ఒక సైడింగులోకి తోస్తూ, వీలైనప్పుడు అవతలికి లాగుతూ పోతే, ఉన్న ఆరు వరసల్లో ఐదు సాధించొచ్చు. 3, 1, 2 మాత్రం చచ్చినా రాదు. ఇంటర్వ్యూ కోసం బట్టీ పట్టిన ముక్క చేతి కింద ఇంజనుతో కదులుతుంటే ఆ మజాయే వేరు.

అన్నట్టు, చిన్న లేఅవుట్ అంటే చోటు లేని వాళ్ళ సర్దుబాటు అనుకునేరు. అమెరికాలో జాన్ ఆలెన్ అని ఈ రంగంలో మహానుభావుడు ఉండేవాడు. ఇంటి బేస్‌మెంటు మొత్తం నిండిపోయేంత లేఅవుట్ కట్టాడు, కొండలూ లోయలూ వంతెనలతో సహా. అంత చోటున్న మనిషే 1972 లో ఐదు పాయింట్ల చిన్న చెక్క మీద "టైమ్‌సేవర్" అనే షంటింగ్ ఆట పెట్టాడు. 1973 లో ఆయన చనిపోయిన కొద్ది రోజులకే ఆ ఇంట్లో మంటలు లేచి పెద్ద లేఅవుట్ చాలా భాగం కాలిపోయింది. చిన్న చెక్క ఆటని మాత్రం ప్రపంచమంతా ఇంకా ఆడుతోంది.

ఇక నా లెక్క. నాకు కావలసింది పల్నాడు మీటర్ గేజ్. గుంటూరు-గుంతకల్లు లైను, అదే మన నరసరావుపేట, వినుకొండ మీదుగా వెళ్ళేది, బ్రాడ్ గేజ్ కాకముందు మీటర్ గేజే. మార్చేనాటికి నేను ఈ లోకంలోకి రాలేదు, లేదా వచ్చినా ఉయ్యాల్లో ఉన్నాను. బజారులో దొరికే ఎన్ స్కేలు పట్టా వెడల్పు 9 మిల్లీమీటర్లు. వెయ్యి మిల్లీమీటర్ల మీటర్ గేజ్‌ని తొమ్మిదితో భాగిస్తే 111. అంటే పట్టా కొనుక్కుని, పైనున్నవన్నీ 1:111 లో అట్టతో, ప్లాస్టిక్ షీటుతో చేసుకుంటే సరిపోతుంది. నాలుగు చక్రాల వ్యాగన్ కప్లింగుతో కలిపి 7 సెంటీమీటర్లు, డీజిల్ ఇంజను 14. షంటింగ్ నెక్‌కి 14, మూడేళ్ళు ఇరవై ఒకటి, వెరసి 35. రెండు పాయింట్లకి ఇరవై నాలుగు. ఐదు వ్యాగన్ల సైడింగుకి 35. మొత్తం 94. నా పుస్తకాల అర పొడుగు 120. ఇంకేం, ఒక శనివారం అతికించేశాను.

అమ్మానాన్నా అప్పుడు నా దగ్గరే ఉన్నారు. నాన్న రైల్వేలో పాయింట్స్‌మన్‌గా చేరి రిటైరైన మనిషి. ఫ్లాటులో ఆయనకి పొద్దు పోదు. టీవీ పెడితే ఐదు నిమిషాల్లో కట్టేస్తాడు, కిందకెళ్ళి వాచ్‌మన్‌తో మాట్లాడి వస్తాడు, మళ్ళీ వెళ్తాడు. నా రైళ్ళ వంక మాత్రం ఎప్పుడూ చూడలేదు. ముప్పయ్యేళ్ళు చేసిన ఉద్యోగాన్ని కొడుకు బొమ్మలాట చేస్తుంటే ఎలా ఉంటుందో నేనూ ఎప్పుడూ ఆలోచించలేదు లెండి.

ఆ ఆదివారం నేను ఐదు వ్యాగన్లూ సైడింగులో నిండుగా పెట్టి, పక్క లైనులోకి ఇంజను తోలాను. చివరి వ్యాగన్‌కి తగిలి రెండూ పడ్డాయి. మళ్ళీ పెట్టాను, మళ్ళీ పడ్డాయి. కుర్చీలోంచి నాన్న గొంతు: "ఫౌలింగ్ మార్కు ఏదిరా?"

నాకు తెలియదు.

లేచొచ్చాడు. రెండు లైన్లు కలిసే చోట, పక్క బండికి తగలకుండా ఎక్కడిదాకా వ్యాగన్ నిలబెట్టొచ్చో అక్కడ నేల మీద గుర్తు ఉంటుందట. లైను ఎంత పడుతుందనేది ఆ గుర్తు దాకే లెక్క, పాయింటు దాకా కాదు. నేను పాయింటు చివర నుంచి కొలిచాను. అంటే నా ఐదు వ్యాగన్ల సైడింగు నిజానికి నాలుగుంపావు వ్యాగన్ల సైడింగు. మన భాషలో ఆఫ్ బై వన్ :) పైగా షంటింగ్ నెక్ చివర ఒక వేలెడు చోటు కూడా వదల్లేదు. "డెడ్ ఎండుకి ఆనించి ఎవడన్నా ఆపుతాడంట్రా బండిని?" అన్నాడు. పట్టాలన్నీ పీకి మళ్ళీ వేశాను. మిగిలిన 26 సెంటీమీటర్లలో ఇరవై అక్కడే ఖర్చయ్యాయి. ఎవరైనా కొత్తగా మొదలుపెడుతుంటే ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి: ముందు వ్యాగన్లని, ఇంజనుని కొని లేదా చేసుకుని, కాగితం మీద నిలబెట్టి, వాటి చుట్టూ లైను గీయండి. లైను గీసి అందులో బండి ఇరికించకండి.

తర్వాత నాన్నకీ నాకూ అసలు గొడవ వచ్చింది. ఊపు మీదున్నాను కదా, టైమ్‌సేవర్ లాగా ఇంకో మూడు పాయింట్లు వేసి, ఎదురు సైడింగులు పెట్టి, కష్టం పెంచుదామని ప్లాను గీశాను. నాన్న కళ్ళజోడు పెట్టుకుని చూసి, "ఎవడు కట్టాడ్రా ఈ యార్డు? ఇట్టాంటి చోట డ్యూటీ పడితే సెలవు పెట్టుకుని పోతారు" అన్నాడు. నేను అది ఆట అని, చిక్కు ఉంటేనే మజా అని వాదించాను. ఆయన అన్నది ఇది. యార్డు వేసేది కదలికలు తగ్గించడానికి. ఒక కదలిక ఎక్కువైతే ఒక మనిషి ఇంకోసారి రెండు వ్యాగన్ల మధ్యకి దూరాలి. రాత్రిపూట, వానలో, చేతిలో లాంతరుతో. ఆయనతో పనిచేసిన ఒకాయనకి కుడిచేతికి రెండు వేళ్ళు లేవు. చిన్నప్పుడు మా ఇంటికొచ్చినప్పుడు ఆయన ఎడమచేత్తో టీ తాగడం నాకు గుర్తుంది. ఎందుకో ఎప్పుడూ అడగలేదు.

ఆ ప్లాను కాగితం పక్కన పెట్టేశాను. నాన్న మాట కాదనలేక కాదు. నాకు ఆయన వాదనే సరైందనిపించింది. కావాలని చిక్కుముడి వేసిన లేఅవుట్ పజిల్ అవుతుంది గానీ రైల్వే కాదు. ఇంగిల్‌నుక్‌లో చిక్కు ఉంది, కానీ అది చోటు చిన్నది కావడం వల్ల వచ్చిన చిక్కు. నిజం స్టేషన్లలోనూ అలాగే వచ్చేది. టైమ్‌సేవర్ అభిమానులు కోప్పడతారని తెలుసు, కోప్పడండి.

ఇప్పుడు నా మూడు లైన్లకి పేర్లున్నాయి. ఒకటి గూడ్సు షెడ్డు, పత్తి బేళ్ళూ మిరప బస్తాలూ. రెండోది పిడుగురాళ్ళ సున్నం. మూడోది మాచర్ల నాపరాళ్ళు. ఇవన్నీ ఒకే స్టేషన్లో ఉండవని నాకూ తెలుసు, ఊరు నాది కాబట్టి నా ఇష్టం. ఇలాంటి విడి వ్యాగన్ల వ్యాపారాన్ని 1980ల నుంచి రైల్వే వదిలించుకుంటూ వచ్చింది, రేకు మొత్తం ఒకే సరుకు ఒకే ఊరికి అనే పద్ధతి వచ్చాక చిన్న స్టేషన్లలో షంటింగు దాదాపు లేదు. కాబట్టి వందే భారత్ మోడల్ కొనుక్కునే వాళ్ళని నేనేమీ అనను గానీ, దాన్ని చూడాలంటే స్టేషన్‌కి వెళ్తే చాలు. నాలుగు చక్రాల వ్యాగన్‌ని వెనక్కి తోసి నిలబెట్టడం ఇప్పుడు మా పుస్తకాల అర మీదే చూడాలి.

చీటీలు తీయడం కూడా మానేశాం. రోజూ పొద్దున కాఫీ అయ్యాక నాన్న ఒక పాత డైరీలో మెమో రాస్తాడు. ఏ వ్యాగన్ ఎక్కడికి, ఏది ముందు ఏది వెనక. నేను ఆఫీసు కాల్ అయ్యాక బండి కడతాను. ఆయన నిలబడి కదలికలు లెక్కపెడతాడు. నేను ఇరవై రెండులో కట్టిన బండిని ఆయన పద్నాలుగులో కడతాడు, అదీ కంట్రోలరు ముట్టుకోకుండా, నాకు చెప్పి చేయిస్తూ. సిగ్గేస్తుంది, కానీ బావుంటుంది.

అర వెనక గోడకి మా అక్క కూతురు అట్ట మీద కోటప్పకొండ బొమ్మ వేసిచ్చింది. మూడు శిఖరాలూ చక్కగా కుదిరాయి, పట్టాలు గోడలో ఆగిపోయే చోటుని కూడా ఆ కొండ కప్పేస్తోంది. ఆకాశం మరీ ఖాళీగా ఉందని నాలుగు పక్షులు కూడా పెట్టింది. నాన్న చాలాసేపు చూసి, "అన్నీ బాగున్నయ్ గానీ, కొండ మీద కాకులేందమ్మా?" అన్నాడు. కోటప్పకొండ మీద కాకి వాలదు కదా మరి. అవి కొంగలని అది వాదిస్తోంది. ఈ వారాంతంలో తెల్ల పెయింటు తేవాలి.