బ్యాంకులో పడిందే అమ్మకం కాదు

ఈసారి కూడా కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను. ఓపిక చేసుకుని చదవండి.

నేను చదివింది తమిళ మీడియంలో. తెలుగు నాకు ఇంటి మాట. అక్షరాలు మాత్రం నలభై దాటాక మన సంఘం తరగతిలో కూర్చుని నేర్చుకున్నాను. బడిలో లెక్కను ‘వరవు–సెలవు’ అని నేర్పారు. తరువాత తెలుగు పుస్తకంలో చూస్తే ‘జమా–ఖర్చు’ అని ఉంది, సెలవు అంటే అక్కడ లీవు! మాట ఏదైనా లెక్క ఒకటే. వచ్చింది ఒక పక్క, పోయింది ఇంకో పక్క రాయాలి. రెండూ కలిపేసి మిగిలింది మాత్రం రాస్తే అది లెక్క కాదు.

పోయిన సర్వసభ్య సమావేశంలో జరిగింది మీలో చాలామంది చూశారు. మన మహిళా విభాగం నూలు చీరలు ఆన్‌లైన్ అంగడిలో అమ్ముతోంది. ఒక నెల లెక్కలో కోశాధికారి తమ్ముడు ‘చీరల అమ్మకం 70,620’ అని చదివాడు. వెనక వరసలో ఒకాయన లేచి, ఫోనులో అంగడి వాళ్ళ పేజీ చూపించి, ‘ఇక్కడ 1,05,000 అని ఉంది, మిగతా 34,380 ఎక్కడికి పోయింది?’ అని అడిగాడు. అడగడం తప్పు కాదు. కానీ అడిగిన తీరుకు హాలంతా ఒక్క మనిషి వైపు తిరిగింది. ఆ అమ్మకాలు చూసే అమ్మాయి నాకు కోడలి వరస అవుతుంది. ఒక్క మాట కూడా బదులు చెప్పకుండా లేచి వెళ్ళిపోయింది. ఆ తరువాత కమిటీ మీటింగుకు రాలేదు.

నేను రెండు సాయంత్రాలు ఆ అమ్మాయి ఇంటికి పోయి, అంగడి వాళ్ళు పంపిన సెటిల్‌మెంట్ రిపోర్టు ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఒక్క రూపాయి కూడా ఎక్కడికీ పోలేదు. ఆ నెల లెక్క ఇది.

చీర ధర 1,000, జీఎస్టీ 50. నూరు చీరలు పోయాయి, అంటే 1,05,000. అందులో 12 చీరలు తిరిగి వచ్చాయి, కొన్నవాళ్ళకు 12,600 వాపసు పోయింది. కమిషన్, కొరియర్, ప్రకటన కలిపి అంగడి వాళ్ళ ఫీజు 18,000. దాని మీద 18 శాతం జీఎస్టీ 3,240. జీఎస్టీ చట్టం కింద వాళ్ళు పట్టుకునే టీసీఎస్, నిలబడ్డ అమ్మకం 88,000 మీద అర శాతం, 440. ఆదాయపు పన్ను టీడీఎస్ 100. ఇవన్నీ తీసేస్తే 70,620. బ్యాంకులో పడింది సరిగ్గా అంతే.

మరి తప్పు ఎక్కడ? బ్యాంకులో పడ్డ మొత్తాన్నే ట్యాలీలో ‘అమ్మకం’ అని ఎక్కించాము. ఎక్కించింది కోశాధికారి. కింద తనిఖీ సంతకం పెట్టింది నేను. పోయిన సంవత్సరమూ అలాగే పెట్టాను. కనుక ఈ రాత ఎవరినో వేలెత్తి చూపడానికి కాదు.

సిగ్గుగా ఉంది, ఎందుకంటే రైల్వేలో నాకు నేర్పిన మొదటి పాఠమే ఇది. బుకింగ్ ఆఫీసులో అట్ట టికెట్లుండే కాలం. డ్యూటీ దిగేటప్పుడు పెట్టెలో ఎంత డబ్బుందని ముందు అడగరు. టికెట్ ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా పోయిందని అడుగుతారు. ఆ తేడాను చార్జీతో గుణిస్తే ఎంతో, అంతకు నువ్వు బాధ్యుడివి. ఎవరికైనా డబ్బు వాపసు ఇచ్చావా? రద్దయిన టికెట్ జత చేసి, వేరే చూపించు. తక్కువైతే జేబులోంచి కట్టు. ‘సార్, చేతిలో ఉన్నది ఇంతే, ఇదే అమ్మకం అని రాసుకోండి’ అంటే ఉద్యోగం ఉండేదా? నూరు చీరల దగ్గర మనం చేసింది అదే.

మనవాళ్ళలో కొందరు చదువుకున్న పిల్లలు అంటున్నారు: ‘పెదనాన్నా, ఎలా రాసినా చివరికి లాభం ఒకటే కదా, ఎందుకీ చాకిరీ?’ ఒకటి కాదు నాయనా. 70,620 లో మనది కానిది ఉంది, మనకు రావలసింది అందులో లేదు. చీరల మీద వసూలు చేసిన జీఎస్టీ, వాపసులు పోను, 4,400. అది ప్రభుత్వం సొమ్ము. ఫీజు మీద మనం కట్టిన 3,240 అందులో తగ్గించుకోవచ్చు, మిగతా 1,160 కట్టాలి. అంగడి వాళ్ళు పట్టుకున్న 440, 100 కలిపి 540 మన ఖాతాకు జమ అయ్యే పన్ను. 70,620 కి 540 కలిపి 1,160 తీస్తే 70,000. మగ్గం వాళ్ళకు ఇచ్చేది ఇంకా అందులోంచే. తేడా చిన్నదే, కానీ నెలనెలా పేరుకుంటుంది. ఇన్‌వాయిస్ చూడకపోతే ఆ 3,240 సంగతే ఎవరికీ తెలియదు, ఆ మినహాయింపు పోయినట్టే.

ఇంకొకటి. అంగడి వాళ్ళు ప్రతి నెలా జీఎస్టీఆర్-8 లో మన నంబరు మీద 88,000 అని ప్రభుత్వానికి చెబుతారు. మనం 70,620 అని చెబితే రెండూ కలవవు. నోటీసు వస్తే జవాబు చెప్పవలసింది సంఘమే. ఈ శాతాలు మారుతుంటాయని కూడా గుర్తుంచుకోండి. టీసీఎస్ 2024 జూలైలో ఒక శాతం నుంచి అర శాతానికి తగ్గింది, టీడీఎస్ అదే సంవత్సరం అక్టోబరులో ఒక శాతం నుంచి 0.1 శాతానికి తగ్గింది. పాత లెక్క చూసి కొత్త నెల రాయకూడదు.

పన్ను కంటే నాకు ముఖ్యమైంది వేరే ఉంది. మిగిలింది మాత్రమే రాస్తే వ్యాపారం కంటికి కనపడదు. ఫీజు 18,000 ను నిలబడ్డ 88 చీరలకు పంచండి. చీరకు 204 రూపాయల పైన పడుతుంది. ఈ సంగతి తెలిసి మనం వెయ్యి అని ధర పెట్టామా? లేదు. నూటికి 12 చీరలు ఎందుకు తిరిగి వచ్చాయని ఎవరైనా అడిగారా? అడగలేదు, ఎందుకంటే లెక్కలో వాపసు అనే వరసే లేదు. ఆ అమ్మాయిని అడిగితే, పచ్చ లైటు కింద తీసిన ఫోటోలో రంగు వేరేగా కనిపిస్తోందని తనే చెప్పింది. పగటి వెలుతురులో ఫోటో తీస్తే సరిపోయే పని. అంకె కనపడి ఉంటే ఎప్పుడో అడిగేవాళ్ళం.

చేయవలసింది పెద్ద పనేమీ కాదు. ట్యాలీలో ఆ అంగడి పేరున అప్పుదారుల కింద ఒక లెడ్జర్ తెరవండి. ఎఫ్8 నొక్కి మొత్తం అమ్మకం 1,05,000 ఆ లెడ్జరు మీద రాయండి. చీరల ధర వేరు, జీఎస్టీ వేరు. తమిళనాట పోయినవాటికి సగం సగం, బెంగుళూరు, హైదరాబాదు పోయినవాటికి ఐజీఎస్టీ. వాపసు 12,600 ను అమ్మకంలో నుంచి చెరపకండి, క్రెడిట్ నోట్‌గా రాయండి. తిరిగొచ్చిన చీరలు సరుకు పుస్తకంలో ఎక్కాలి, చెడిపోయినవి విడిగా. ఫీజు, దాని జీఎస్టీ వాళ్ళ ఇన్‌వాయిస్ ప్రకారం రాయండి, అందులో మన జీఎస్టీ నంబరు ఉందో లేదో చూడండి. టీసీఎస్, టీడీఎస్ ఖర్చు కాదు, రావలసినవి. ఆఖరుకు బ్యాంకులో పడ్డ 70,620 ను ఎఫ్6 రసీదుగా రాయండి. ఇప్పుడు ఆ అంగడి లెడ్జరులో నిలవ సున్నా రావాలి. రాకపోతే రెండే కారణాలు: ఏదో మరిచిపోయాము, లేకపోతే వాళ్ళు మనకు ఇంకా ఇవ్వాలి. మార్చిలో అమ్మినది ఏప్రిల్లో పడితే, మార్చి 31న ఆ నిలవ దానంతట అదే చెబుతుంది.

ప్రతి ఆర్డరునూ ట్యాలీలోకి దానంతట అదే తెచ్చే సాఫ్ట్‌వేర్ కొనాలని ఒక మాట వినిపిస్తోంది. వేల ఆర్డర్లు ఉన్నవాళ్ళకు అది అవసరమే. నెలకు నూరు చీరల సంఘానికి వద్దని నా అభిప్రాయం. ప్రతి సెటిల్‌మెంటుకూ మొత్తాలు రాసి, రిపోర్టు దించుకుని ఫైల్లో పెడితే చాలు.

వచ్చే సమావేశంలో అమ్మకం, వాపసు, ఫీజు, పన్ను నాలుగు వరసలుగా చదవాలని కోశాధికారికి రాసి ఇస్తున్నాను. పోయిన రెండు సంవత్సరాల లెక్క కూడా ఇలాగే తిరగరాద్దాం, నేను కూర్చుంటాను. దానికి ముందు ఆ అమ్మాయి ఇంటికి నలుగురం పోయి పిలవాలి. సంతకం పెట్టినవాడిగా ముందు నేను క్షమించమని అడుగుతాను. ఫోను చూపించిన పెద్దమనిషి కూడా వస్తే సంతోషం. ఆయన అడిగిన ప్రశ్న సరైనదే, జవాబు మన పుస్తకంలో ఉండి ఉండాలి. లేకపోయేసరికి ఒక ఆడపిల్ల మీద పడింది.

ఇది నా సొంత అభిప్రాయం, కమిటీ నిర్ణయం కాదు. లెక్కలో గానీ తెలుగులో గానీ తప్పుంటే కింద చెప్పండి, దిద్దుకుంటాను.

ఇట్లు,
మీలో ఒకడు