బీడీల చాట పక్కన పసిబిడ్డ

బీర్కూర్‌లోనూ బాన్సువాడ చుట్టుపక్కల పల్లెల్లోనూ బీడీలు చుట్టే మన తల్లులకు కూలి ముట్టేది వేయి బీడీల లెక్కన. బిడ్డ ఏడిస్తే చేతిలోని ఆకు ఆగుతుంది. ఆకు ఆగితే కూలి తగ్గుతుంది. పిల్లల సంరక్షణకు ఈ ఇళ్లలో ఎవరూ రుసుము చెల్లించరు. అయినా దాని వెల తల్లి కూలిలోంచి, తంబాకు ధూళి పీల్చే పసివాడి ఊపిరిలోంచి, తమ్ముణ్ణి ఎత్తుకొని బడి మానే ఆపా చదువులోంచి వసూలవుతూనే ఉంది.

1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఆరేళ్లలోపు పిల్లలకు సంరక్షణ గది ఉండాలన్నది. అయితే అది కార్ఖానా ఆవరణకే పరిమితం. ఇంటి గడపలో చుట్టే తల్లికి ఆ గది దక్కలేదు. ప్రభుత్వం 2019లో రూ.2,016కు పెంచిన బీడీ కార్మికుల జీవన భృతిలో బిడ్డ సంరక్షణకంటూ వేరుగా పైసా లేదు. 2022లో మిషన్ శక్తిలో భాగమైన పాల్నా పథకం మాత్రం ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లలకు అంగన్‌వాడీలోనే పగటి సంరక్షణకు వీలు కల్పించింది.

కావున మేము రెండు కోరుతున్నాము: బీర్కూర్‌లో పాల్నా కేంద్రం, అది వచ్చేవరకు బీడీ తల్లులకు నెలనెలా శిశు సంరక్షణ భృతి. జమాఅత్ పెద్దలు ఈ అర్జీని రాబోయే గ్రామసభ ముందుంచాలి. దానిపై మొదటి సంతకం ఆ తల్లులదే కావాలి.