కరెంటు వైద్యాన్ని మధ్యలో ఆపవద్దు: ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల కుటుంబాలకు విజ్ఞప్తి

ఊళ్లలో 'కరెంటు పెట్టించడం' అని పిలిచే రేడియేషన్ చికిత్సను ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు సాధారణంగా ఆరు వారాల పాటు, వారానికి ఐదు రోజులు, రోజుకు 2 గ్రేల చొప్పున ఇస్తారు; గ్రే అంటే శరీరం గ్రహించిన రేడియేషన్‌కు కొలమానం. ఇన్ని రోజులు ఎందుకో తెలియక, కాస్త నెమ్మదించగానే గానీ బాధ ఎక్కువ కాగానే గానీ మధ్యలో ఇంటిముఖం పట్టే రోగులు ఉన్నారు. అసలు కారణం కణంలో జరిగే డీఎన్‌ఏ మరమ్మతులో ఉంది.

డీఎన్‌ఏ రెండు పోగుల పేట. 1 గ్రే రేడియేషన్ తగిలితే ఒక్కో కణంలో సుమారు వెయ్యి చోట్ల ఒక పోగు, సుమారు 40 చోట్ల రెండు పోగులూ తెగుతాయి. ఒక పోగే తెగితే ఎదుటి పోగును చూసుకుని కణం సులువుగా సరిచేసుకుంటుంది గానీ, రెండూ తెగితే ప్రాణగండమే. అప్పుడు 'కూ' అనే ప్రోటీను తెగిన కొసకు ఉంగరంలా తొడుక్కుంటుంది, దాని వెనుక వచ్చే ప్రోటీన్లు కొసలను దగ్గరకు చేర్చి అతుకుతాయి. తెగిన చోట్లు మెరిసేలా రంగు పట్టించి సూక్ష్మదర్శినిలో చూస్తే, రేడియేషన్ తగిలిన అరగంటకు కేంద్రకం నిండా చుక్కలు కనబడతాయి. మరమ్మతు బాగా సాగిన కణంలో మర్నాటికి అవి దాదాపు మాయమవుతాయి, సాగని కణంలో మిగిలిపోతాయి.

క్యాన్సర్ కణాల్లో ఈ మరమ్మతు తరచు లోపంతో సాగుతుంది కనుక, రోజువారీ విరామం ఆరోగ్యకరమైన కణాలకే ఎక్కువ మేలు చేస్తుంది; తెగిన క్రోమోజోములతోనే విభజనకు దిగిన క్యాన్సర్ కణాలు ఆ ప్రయత్నంలో చనిపోతాయి. అయితే కణితులన్నీ ఒకేలా లొంగవు: స్మాల్ సెల్ రకం త్వరగా లొంగుతుంది, కీప్1 జన్యువు చెడిన కణాలు మొండికేస్తాయి. అంతకంటే ఆందోళన కలిగించే సంగతి, చికిత్స మూడు నాలుగు వారాలు దాటేసరికి మిగిలిన క్యాన్సర్ కణాలు మరింత వేగంగా పెరగగలవు. సరిగ్గా ఆ రోజుల్లోనే అన్నవాహిక పుండుపడి, ముద్ద మింగితే మంట పుట్టి, రోగికి ఇక చాలనిపిస్తుంది. వ్యవధి ఎంత విలువైనదో బ్రిటన్‌లో ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులపై జరిగిన 'చార్ట్' అనే చికిత్సా పరీక్ష చూపింది: 1997లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, ఆరు వారాల్లో 60 గ్రేలు పొందినవారిలో నూటికి 20 మంది రెండేళ్లు జీవించగా, రోజుకు మూడు విడతలుగా వరుసగా 12 రోజుల్లో 54 గ్రేలే పొందినవారిలో 29 మంది జీవించారు. మోతాదు తగ్గినా త్వరగా ముగిసిన చికిత్సే మెరుగైంది.

కాబట్టి పండుగ కోసమో, కోతల కోసమో, ప్రయాణ ఖర్చుకు వెరచో ఒక్క విడతనూ వదులుకోవద్దని మనవి. జ్వరం వల్లనో యంత్రం చెడిపోవడం వల్లనో ఒక రోజు తప్పితే, డాక్టర్లు కనీసం ఆరు గంటల ఎడంతో ఒకే రోజు రెండు విడతలు ఇచ్చి సరిదిద్దగలరు. ఆ ఎడం మంచి కణాల మరమ్మతు కోసమే. చికిత్స సాగినన్నాళ్లూ బీడీ, చుట్ట, సిగరెట్టు ముట్టరాదు, ఎందుకంటే పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్‌ను తగ్గిస్తుంది, ఆక్సిజన్ అందని కణాన్ని చంపాలంటే దాదాపు మూడు రెట్ల రేడియేషన్ కావాలి. మింగడం కష్టమైన రోజున కారం మాన్పించి, మెత్తటి అన్నం, మజ్జిగ పట్టిస్తూ, ఆ సంగతి అదే రోజు డాక్టరుకు చెప్పి, ఆఖరి విడత పూర్తయ్యేదాకా రోగిని వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకువెళ్లవలసిందిగా కుటుంబ సభ్యులకు విన్నపం.